కంప తీయమన్న గొంతు

ఏడో తరగతిలో ఒకే బెంచీ మీద మూడేళ్లు కూర్చున్నాను. పట్టిన చోటు వదలని దయ్యాలుంటాయని మా అయ్యవారు నమ్మి ఉంటే, అందుకు కారణం నేనే. నేను మాత్రం ఏనాడూ నమ్మలేదు. ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే, "అది ఏ పార్టీదప్పా?" అని అడిగి కథ చెడగొట్టేవాణ్ణి. ఈ ఒక్క సంగతి దగ్గర మాత్రం నాకు నవ్వులాట రాదు.

ప్రొద్దుటూరులో మా మిద్దె మీద ఒక గది ఉండేది. గోడలకు గోనెసంచులు, పాత దుప్పట్లు కొట్టి దానికి స్టూడియో అని పేరు పెట్టాను. లోపల ఉన్నదల్లా ఒక నాలుగు ట్రాకుల రికార్డరు, రెండు మైకులు. మామూలు క్యాసెట్టు పెడితే గొంతు ఒక ట్రాకులో, డప్పు ఇంకో ట్రాకులో విడివిడిగా ఎక్కేవి.

అవి ఊళ్లకు ఊళ్లు రెండుగా చీలిపోయి ఉన్న రోజులు. ఎలక్షన్ పాటల కోసం రెండు పార్టీలవాళ్లూ నా దగ్గరికే వచ్చేవారు. ఒకరు పొద్దున, ఒకరు సాయంత్రం. నా మెట్ల మీద వాళ్ల చెప్పులు కూడా ఎదురుపడకుండా చూసుకునేవాణ్ణి.

ఒక పార్టీవాళ్లకు పాడేవాడు ఓబులేసు. రాజుపాలెం వైపు పిల్లోడు, గొర్రెలు మేపుకునే ఇంటివాడు. పాతికేళ్లు కూడా ఉండవు. చదువు నాకంటే తక్కువ, అంటే ఎంతో మీరే ఊహించుకోండి. గొంతు మాత్రం గుట్ట అవతలికి వినపడేది.

వాడికొక అలవాటు. సాయంత్రం మందను తోలుకొస్తూ, దొడ్డి అల్లంత దూరాన ఉండగానే తల్లిని కేకేసేవాడు, దొడ్డికి అడ్డం పెట్టిన ముళ్లకంపను పక్కకు లాగమని. మైకు ముందు నిలబడినా అదే కేక. చిన్నగా దగ్గి, "మ్మో... కంప తీయ్!" అనేవాడు. ఆ తర్వాతే పాట.

"ఇది దొడ్డి గాదురా, స్టూడియో. నేనేమన్నా గొర్రెనా?" అన్నాను మొదటిసారి.

"మాయమ్మను పిలిస్తేగాని గొంతు తెరుచుకోదు మామా. నువ్వు తిప్పుకో నీ మిషన్ను," అన్నాడు.

ఆ ఎలక్షన్లకు వాడి చేత పదకొండు పాటలు పాడించాను. అవతలి పార్టీ నాయకుణ్ణి ఎగతాళి చేసే చరణం ఒకటి నేనే కట్టి వాడి నోట్లో పెట్టాను. అందరూ నవ్వారు. నేను ఇంకొంచెం ఎక్కువ నవ్వాను.

అప్పుడే కంప్యూటర్ కొన్నాను. పులివెందుల నుంచి ఒక మెకానిక్కు వచ్చి బిగించి, రెండు రోజులు నేర్పి పోయాడు. ఇంగ్లీషు రాదు కాబట్టి బొమ్మల గుర్తులు పట్టి నేర్చుకున్నాను. అన్నిట్లోకీ నాకు నచ్చింది కత్తెర బొమ్మ. మనిషి గొంతు తెర మీద గీతల్లాగా కనబడుతుంది. అక్కర్లేని గీతను పట్టుకుని కత్తెర నొక్కితే మాయం.

క్యాసెట్లన్నీ అందులోకి ఎక్కించి, దగ్గులు, కుర్చీ కిర్రులు, గొంతు సవరింపులు అన్నీ కోసేశాను. పదకొండు పాటల ముందున్న పదకొండు కేకలూ కోసేశాను. పాట డప్పుతో టక్కున మొదలైతే ఎంత శుభ్రంగా ఉందో అని నన్ను నేనే మెచ్చుకున్నాను. ఆ తర్వాత రికార్డరునూ, సంచెడు పాత క్యాసెట్లనూ జమ్మలమడుగులో ఒక భజన మండలికి ఇచ్చేశాను. ఇంక వాటితో పనేముందని.

ప్రచారం చివరి రోజుల్లో ఓబులేసు ఉన్న జీపు మీద బాంబులేశారు. వాళ్ల పార్టీ నాయకుడు వేరే జీపులో ఉన్నాడు. ఈ జీపులో ఉన్నది ఓబులేసూ, డ్రైవరూ, మైకూ. డ్రైవరు బతికాడు. నా చరణం వల్లనే అని ఎవరూ అనలేదు. నేనూ ఎవరినీ అడగలేదు.

రెండు నెలలకు వాడి తల్లి లక్షుమ్మ బస్సెక్కి మా ఇంటికొచ్చింది. చేతిలో నేను పార్టీవాళ్లకు చేసిచ్చిన పాటల క్యాసెట్టు.

"నీ మిషన్ ముందర నన్ను పిలుస్తాండెనంట కదప్పా. వాడే చెప్పినాడు. దీంట్లో పాటుంది గానీ ఆ పిలుపు లేదు. పాటలు ఊరోళ్ల కోసం పాడినాడు. పిలిచింది నన్ను. ఒక్కతూరి ఇనిపియ్యప్పా," అంది.

కోసేశానని చెప్పలేదు. వచ్చే బుధవారం రమ్మన్నాను.

మరునాడే జమ్మలమడుగు పోయాను. సంచిలోని క్యాసెట్లు ఒక్కొక్కటీ పెట్టి విన్నాను. అన్నిటి మీదా భజనలే. చెరిపి ఎక్కించుకున్నారు. వాళ్ల తప్పేం లేదు, నేనే ఇచ్చాను.

బుధవారం లక్షుమ్మ వచ్చింది. మధ్యాహ్నం, బాగా ఎండగా ఉంది. పాట వినిపించి, "ఆ కేక మిషన్లో ఎక్కలేదక్కా" అని అబద్ధం చెప్పేయాలని ముందే అనుకున్నాను. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి కంప్యూటర్లో మొదటి పాట పెట్టాను.

మౌసు నొక్కాను. పాట జరిగేకొద్దీ తెర మీద ఒక నిలువు గీత ముందుకు పోవాలి. అది మొదట్లోనే నిలబడి ఉంది. మిషన్ బిగుసుకుపోయిందనుకున్నాను. అప్పుడు స్పీకర్లలో చిన్న దగ్గు వినిపించింది.

"మ్మో... కంప తీయ్!"

ఆ తర్వాత గీత కదిలింది. డప్పు మొదలైంది.

లక్షుమ్మ కుర్చీలోంచి లేచింది. కుడిచేయి ముందుకు చాచి, లేని కంపను పట్టుకుని పక్కకు లాగింది. "రా నాయినా," అంది. పాట అయిపోయేదాకా అట్లాగే నిలబడింది. తర్వాత నాకు దండం పెట్టి మెట్లు దిగి పోయింది.

అప్పుడే మా ఆడామె పైకొచ్చింది. అప్పటిదాకా కింద పెరట్లో బట్టలు ఉతుకుతూ ఉంది. ఓబులేసు అలవాటు సంగతి ఆమెకు నేనెప్పుడూ చెప్పలేదు. "ఎవురో కంప తీయమని అరుస్తాండారే, మనకు యాడిది కంప?" అని అడిగింది. నేను మంచినీళ్లు అడిగాను.

ఆ పాటను మళ్లీ పెట్టాను. డప్పుతోనే మొదలైంది. ఇరవై సార్లు పెట్టాను. మిగతా పదీ పెట్టాను. దగ్గూ లేదు, కేకా లేదు. పులివెందుల మెకానిక్కును పిలిపించాను. అతను పొద్దంతా కూర్చుని వెతికి, కోసిన ముక్క కంప్యూటర్లో ఎక్కడా లేదన్నాడు. పాట కోసిన రోజు ఎంత పొడుగుందో ఇప్పుడూ అంతే ఉందన్నాడు. "నీకు నిద్ర తక్కువైనట్టుందన్నా," అన్నాడు. నాకు సరే, కింద ఉన్న మా ఆడామెకు?

ఇన్నేళ్లయినా నాకు జవాబు దొరకలేదు. ఆ కేకను ఒక్క ముక్కయినా దాచిపెట్టి ఉంటే ఈ ప్రశ్నే ఉండేది కాదు కదా అని మాత్రం అనుకుంటూ ఉంటాను.

అబద్ధం చెప్పే పని తప్పింది గానీ మనసు ఊరుకోలేదు. నెల తర్వాత రాజుపాలెం వైపు వాళ్ల ఊరికి పోయాను. లక్షుమ్మ దొడ్డి దగ్గర గొర్రెలు లెక్కపెట్టుకుంటోంది. అంతా చెప్పేశాను. కేక కోసేసింది నేనేననీ, క్యాసెట్లు పోయాయనీ, ఆ రోజు అది ఎట్లా వచ్చిందో నాకు తెలియదనీ. ఆ చరణం కట్టింది నేనేననీ చెప్పాను.

ఆమె లెక్క ఆపకుండా అంతా వింది. చివరి గొర్రె లోపలికి పోయాక కంప అడ్డం లాగి, నా వైపు తిరిగింది.

"వాడు పిలిచినాడు, నేను లేచినా. మధ్యలో నీదేముందప్పా?"