స్రాంకు వావచ్చన్ గంట తాడు

కేరళలో వేంబనాడు సరస్సు మీద పడవ నడిపేవాణ్ణి స్రాంకు అంటారు. ఆ మాట పారసీకుల ఓడల వెంట వచ్చిందనీ, వాళ్ల భాషలో సేనానాయకుడని అర్థమనీ వావచ్చన్‌కు పని నేర్పిన ముసలాయన చెప్పాడు. ఇరవై ఎనిమిదేళ్లుగా వావచ్చన్ ఆ అర్థాన్ని నెత్తికెక్కించుకునే తిరుగుతున్నాడు. ఇంతా చేసి ఆయన సైన్యం ఇద్దరు. రేవులో మోకు విసిరే లస్కరు ఒకడు, కింద ఇంజిను గదిలో సుగుణన్ ఒకడు.

సుగుణన్‌కు నీళ్లు కనబడవు. పైనుంచి స్రాంకు తాడు లాగితే గంట మోగుతుంది. ఒక్క మోతకు ఇంజిను ఆపాలి, రెండు మోతలకు వెనక్కి తిప్పాలి. గంట లేకుండా చెయ్యి కదపకూడదు. పంతొమ్మిదేళ్లలో అతను ఒక్కసారీ కదపలేదు.

మొన్నటి వానల నుంచి వావచ్చన్ కళ్లకు పొర కమ్మింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే చుక్కాని చక్రం మీంచి దించేస్తారు. దిగాక తానెవరో ఆయనకే తెలియదు. ఆ భయాన్ని కప్పిపుచ్చడానికి అందరి మీదా గొంతు పెంచాడు.

ఆ ఉదయం ఎదురుగా ఏదో తేలుతుంటే గుర్రపుడెక్క అనుకుని నేరుగా పోనిచ్చాడు. ఉన్నట్టుండి ఇంజిను ఆగి వెనక్కి తిరిగింది. పడవ వణికి వెనక్కి లాగింది. ఆయన గంట కొట్టనే లేదు.

ఒళ్లు మండిపోయి, ప్రయాణికులందరి ముందూ అరిచాడు. "ఒరే సుగుణా! ఈ పడవకు స్రాంకు ఎవడ్రా? నువ్వా, నేనా?"

"నువ్వే అన్నా," అన్నాడు సుగుణన్ కింద నుంచి. "ఆడమనిషి కేక వినపడింది. నీ గంట వినపడలేదు."

వావచ్చన్ వంగి చూశాడు. పడవ ముక్కు కింద జానెడు దూరంలో ఆలిచిప్పలు నింపుకున్న చిన్న దోనె, అందులో తెడ్డు ఎత్తి పట్టుకున్న ఆడమనిషి.

"ఎర్రచీర కట్టుకున్నా కదయ్యా! కళ్లు ఇంట్లో పెట్టొచ్చావా?" అని దులిపేసిందామె. ఎవరో నవ్వారు. వావచ్చన్ ఇంజిను గది వైపు వంగాడు.

"నీకెప్పట్నుంచి తెలుసురా?" అన్నాడు సన్నగా.

"ఓణం ముందు నుంచీ. గంటలు ఆలస్యంగా పడుతున్నాయన్నా."

"మరి చెప్పి చావవేం?"

"స్రాంకుకు నేనేం చెప్తాను?"

లస్కరును ముందు నిలబెట్టి, వాడు చెప్పిన దిక్కుకల్లా తిప్పుతూ రేవు చేర్చాడు. ప్రయాణికులు దిగిపోయారు.

"ఆఫీసులో నా కళ్ల సంగతి చెప్పేసి వస్తా," అని వావచ్చన్ తాడు పట్టుకుని ఒక్కసారి లాగాడు. ఇంజిను అప్పటికే ఆగి ఉంది.

"ఆపేశానన్నా," అన్నాడు సుగుణన్, కింద నుంచి.