మానుకోట బట్టీ నుంచి భూపాలపల్లి పెంటకుప్ప దాకా

మా వార్డు చివర బావి పక్కనున్న చెత్తకుప్పంటే నాకు ఒళ్లుమంట. ఆ వానాకాలం నా మనవరాలు వాంతులు, విరేచనాలతో పది రోజులు దవాఖానలో పడి ఉంది. ఆ కుప్ప మీది ఈగలే కారణమన్నాడు డాక్టరు. అందుకే జనగామ మునిసిపాలిటీ మీటింగులో లేచి, "దాన్ని కాలబెట్టే బట్టీ కట్టుండ్రి" అని బల్ల గుద్దాను. "మానుకోటల ఒకటున్నదట. మీరే పోయి మంచీ చెడ్డా చూసి రాండ్రి. మీ రిపోర్టు మీదనే ఓటు" అన్నారు తోటి సభ్యులు. మహబూబాబాద్‌ను మేము మానుకోట అనే అంటాం.

చలికాలం, ఎప్పటిలాగే చంకలో గొడుగుతో ఉదయం ఏడింటి ప్యాసింజర్ ఎక్కాను. టికెట్టు మునిసిపాలిటీది, చాయ్ నాది. తమలపాకుల గంపతో ఎదురుగా కూర్చున్న ఒకావిడ ఎక్కడికని అడిగితే చెప్పాను.

"చెత్త సూడనీకి రైలెక్కినవా? మీ ఊర్ల లేదా అన్నా?" అని పక్కున నవ్వింది. రైలు డబ్బా అంతా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది.

పదిన్నరకు మానుకోటలో దిగాను. బట్టీ ఒక బియ్యం మిల్లు వెనక ఉంది. ఊకతో మండే ఆ పెద్ద పొయ్యిలోనే మార్కెట్ చెత్త కూడా కాలుస్తున్నారు. ఇనుప తలుపు తీయగానే రెండడుగులు వెనక్కి వేశాను. అబ్బ, ఏం మంట అది! లోపలి గోడలు కూడా ఎర్రగా వెలుగుతున్నాయి. బండెడు చెత్త ఎత్తి పోశారు. భోజనం చేసి వచ్చేసరికి గంపెడు బూడిద మిగిలింది. దండం పెట్టబోయి ఆగాను.

"వానాకాలం గూడ గిట్లనే కాలుతదా?" అని అడిగాను.

బట్టీ దగ్గర పనిచేసే యాకన్న తల గోక్కున్నాడు. "తడి చెత్తయితే చెత్తకంటె ఊకనే ఎక్కువ పొయ్యాలె సారూ. పొగంత గా వాడకట్టు మీద కమ్ముతది. ఆరేసిన బట్టలకు మసి. ఆళ్లు నన్ను తిట్టని దినం లేదు."

అదీ రాసుకున్నాను. అయినా నా మనసు బట్టీ మీదే. మీటింగులో చూపించడానికి చిన్న సంచీలో బూడిద కట్టుకున్నాను.

ఇంతదూరం వచ్చి భూపాలపల్లిలో ఉండే అక్కను చూడకుండా పోతే బతకనివ్వదు. రైల్లో వరంగల్ దాకా, అక్కడినుంచి పరకాల మీదుగా బస్సులో, దీపాలు పెట్టే వేళకు భూపాలపల్లి చేరాను.

పొద్దున్నే అక్క చేను గట్టున, పేడా చెత్తా మాగబెట్టే పెంటకుప్ప దగ్గర ఉంది. బూడిద చూపించి గొప్పలు పోయాను.

"బండెడు చెత్తకు గింతేనా?" అంది జాలిగా. కుప్పలో దిగేసి ఉన్న గడ్డపారను లాగి నా ముందు పెట్టింది. "జర పట్టు తమ్మీ."

పట్టి, అమ్మో అని వదిలేశాను. చలికి పండ్లు కొట్టుకుంటుంటే ఆ ఇనుము చెయ్యి కాల్చింది! పారతో తవ్వితే గుప్పున ఆవిరి లేచింది. అగ్గిపుల్ల గీసినవాడు లేడు, ఊక పోసినవాడు లేడు. పక్కనే నిరుటి కుప్ప ఎరువైపోయి నల్లగా, పొడిపొడిగా, తొలకరి వాన వాసనతో ఉంది. మానుకోటలో ఆపుకున్న దండం ఇక్కడ పెట్టేశాను.

"మరి ఈగలో?" అన్నాను తేరుకొని.

"మన్ను గప్పకపోతే రావా? మేం బాయికి దూరం పెట్టి, పైన మన్ను గప్పుతం. మీరు బాయి పక్కకే గుమ్మరిస్తిరి!"

"దవాఖాన దూది, కట్లు?"

"గవి నా కుప్పల ఎందుకేస్త? గవి కాలబెట్టుడే."

తిరుగు రైల్లో రిపోర్టు రాశాను: దవాఖాన చెత్తకు చిన్న బట్టీ, మిగతాదానికి బావికి దూరంగా గుంత, పైన మన్ను. రాశానే గానీ అనుమానం పోలేదు. మా పాడు కుప్ప అక్క కుప్పలాగా పనిచేస్తుందా?

సాయంత్రం జనగామలో దిగి నేరుగా కుప్ప దగ్గరికే వెళ్లాను. ముక్కు మూసుకొని గొడుగు ఇనుప ఊచను లోపలికంటా పొడిచాను. చెత్తబండి తోలే మల్లయ్య పరుగెత్తుకొచ్చాడు.

"ఏం పోయింది సారూ, గంతగనం దేవులాడుతున్నవు?"

కాసేపాగి గొడుగు లాగి, ఊచ మీద వేలు పెట్టాను. వేడి! మల్లయ్య కూడా ముట్టుకొని ఉలిక్కిపడ్డాడు. "ఇన్నేండ్ల నుంచి గుమ్మరిస్తున్న, ఒక్కనాడు ముట్టి సూడలే" అన్నాడు. తిట్టడం తప్ప నేను మాత్రం చూశానా?

ఇంటికి పోయి సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కొని మనవరాలిని ఎత్తుకున్నాను. ఓటు ఎల్లుండి. మన్ను కప్పే పని మాత్రం రేపు పొద్దున్నే.