వదిన దించిన గాంధారం

మా వదిన పోయింది. గుంటూరు ఆసుపత్రిలో కామెర్లకి వైద్యం జరుగుతోంది, తగ్గుముఖం పట్టింది, త్వరలో ఇంటికి పంపిస్తామని డాక్టర్లు చెప్పిన మధ్యాహ్నమే పోయింది. అన్నయ్య మా వీధి మలుపులో ఉన్న కొట్టుకి ఫోను చేశాడు. కొట్టతను పరిగెత్తుకుంటూ వచ్చి, ఎలా చెప్పాలో తెలియక గుమ్మంలో తువ్వాలు నలుపుతూ నిలబడ్డాడు. అప్పుడు నేను వదిన మీద కోపంగా ఉన్నాను. ఆదివారం చర్చిలో ఆరాధనకి నన్ను హార్మోనియం వాయించమని చెప్పండని ఆసుపత్రి మంచం మీద నుంచే పాస్టరుగారికి కబురు పెట్టిందట. నా చోటు నాకు ఇప్పించడానికి ఆవిడెవరని నా మంట. కబురు విన్నాక కూడా ఆ మంట వెంటనే చల్లారలేదు.

పోయినవాళ్ళ గురించి నాలుగు మంచి మాటలు రాయాలంటారు. రాస్తాను, ఎందుకంటే ఉన్నాయి. కానీ ఆవిడంటే నాకు కుళ్ళు అన్న సంగతి దాచిపెట్టి రాస్తే, చదివే మీకు మా వదిన సగమే కనబడుతుంది.

చీరాల దగ్గర మా ఊరి చర్చిలో చిన్నతనం నుంచీ హార్మోనియం నేనే వాయించేదాన్ని. పాస్టరుగారు నిలబడి ప్రసంగించే పల్పిటు పక్కన, గోడవారగా ఉండే ఆ చోటు నాది. మా సంఘంలో హార్మోనియం పెట్టె ఎటు పోతే పాట అటు. పెట్టె శ్రుతి పెంచితే అందరూ పెంచుతారు, తప్పితే అందరూ కలిసే తప్పుతారు. పెద్ద పెద్ద మోతుబరుల పొలాల్లో ఎవరిమాటా వినని ఆడవాళ్ళు కూడా ఆదివారం నా వేళ్ళ వెంట నడిచేవాళ్ళు. అది ఎంత గొప్పగా ఉంటుందో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది.

ఒక్క చోట మాత్రం నడిచేవాళ్ళు కాదు. మాకొక పాత కీర్తన ఉంది. మిరపకోతలకి వెళ్ళే ఆడవాళ్ళు దాన్ని తరతరాలుగా పాడుతున్నారు. అందులో గాంధార స్వరాన్ని వాళ్ళు పెట్టెలో ఉన్నదానికన్నా కాస్త కిందుగా పలుకుతారు. ముందు వరసలో కూర్చునే ఏసమ్మ పెద్దమ్మ అందుకుందంటే ఇక నా గాంధారం ఒక దారి, వాళ్ళది ఒక దారి. ఒకసారి పంతం పట్టి, పెట్టె లోపల ఆ స్వరం పలికే ఇత్తడి రేకుని, ఆ రీడుని, గీకి స్వరం దించాను. ఆ కీర్తనకి అమృతంలా ఉంది. మిగతా పాటలన్నిటిలో ఆ రీడు పిల్లిలా ఏడ్చింది. చివరికి కొత్త రీడు వేయించి నోరు మూసుకున్నాను.

అలాంటి రోజుల్లో వదిన మా ఇంటికి కోడలిగా వచ్చింది. చీరాల హైస్కూల్లో లెక్కల టీచరు. ఆవిడ కొంగు ఎప్పుడూ సుద్దపొడితో ఉండేది. ఓడలో పనిచేసే ఆవిడ తమ్ముడు సింగపూరు నుంచి ఒక కీబోర్డు, టీవీకి తగిలించుకునే చిన్న కంప్యూటరు తెచ్చి ఇచ్చాడు. కీబోర్డుకి ఎడమపక్క చిన్న చక్రం ఉంది. దాన్ని తిప్పితే, మోగుతున్న స్వరం మోగుతూనే కిందికో పైకో వంగుతుంది. ఆ చక్రం చూసిన రోజు నాకు అన్నం సహించలేదు. నేను రీడు గీకి పాడుచేసుకున్న పని, ఆవిడ వేలితో చేసేస్తోంది.

ఆవిడకి వేలితో చాల్లేదు. వాయిస్తూ చక్రం తిప్పాలంటే చేతులు చాలవని, ఆ వంచే పని కంప్యూటరుకి నేర్పడానికి కూర్చుంది. స్కూలు నుంచి రాగానే పండుమిరపకాయల పచ్చడితో అన్నం కలుపుకుని, ఎడంచేత్తో టకటకా కొట్టేది. కరెంటు పోతే చేసిందంతా పోయేది. "పోతే పోయింది లేమ్మా, ఈసారి ఇంకా పొట్టిగా రాస్తా" అని క్యాసెట్టులో దాచుకున్న పాతది ఎక్కించుకుని మళ్ళీ మొదలుపెట్టేది. విసుగనేది లేకపోవడం చూస్తే నాకు విసుగొచ్చేది.

ఒక ఆదివారం అవన్నీ టీవీతో సహా చర్చికి మోసుకొచ్చారు. పెద్దలు గొణిగారు, పాస్టరుగారు సర్దిచెప్పారు. నా హార్మోనియం మూతపెట్టి పక్కకి జరిపారు. వదిన ఆ పాత కీర్తన మొదలుపెట్టింది. గాంధారం రాగానే చక్కగా దిగింది. దాంతోపాటు కింద శ్రుతిగా మోగుతున్న షడ్జమమూ దిగింది! దిగినదాన్ని మళ్ళీ ఎత్తడం ఆ ప్రోగ్రాముకి ఆవిడ ఇంకా నేర్పలేదు. గాంధారం వచ్చినప్పుడల్లా పాటంతా ఇంకో మెట్టు కిందికి. మా వాళ్ళు పెట్టెని వదలరు కదా, నమ్మకంగా దాని వెనకే దిగుతూ పోయారు. మూడో చరణానికి మగవాళ్ళు గొంతులో గులకరాళ్ళు పోసుకున్నట్టు మూలుగుతున్నారు. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. నేను ఆ రోజు తిన్నంత అన్నం ఎప్పుడూ తినలేదు.

మధ్యాహ్నం వదిన నా దగ్గరికే వచ్చింది. "ఎక్కడెక్కడ చెడిందో చెప్పు. మొహమాటపడకు." మొహమాటమా? ఏరి ఏరి చెప్పాను. ఆవిడ తలూపుతూ అన్నీ విని, "అదీ సంగతి. అన్ని స్వరాల్నీ ఒకే చక్రానికి కట్టేశాను. దేని చక్రం దానికుండాలి" అంది. ఆ కీబోర్డులో వేరువేరు దారులున్నాయట. ఒక్కో స్వరాన్ని ఒక్కో దారిలో పంపితే, గాంధారం వంగినా షడ్జమం కదలదట. నేను తిట్టినట్టు చెప్పిన తప్పులన్నీ ఆవిడకి పనికొచ్చాయి.

తర్వాత నన్ను పక్కన కూర్చోబెట్టుకునేది. గాంధారం మోగిస్తూ కొద్దికొద్దిగా దించేది. "ఇంకా... ఇంకా... అదిగో, చాలు" అనేదాన్ని. ఆపి మళ్ళీ వాయించొచ్చుగా అంటే ఒప్పుకునేది కాదు. "మోగుతుండగానే సరిచేయాలమ్మా. ఆపామంటే పాడేవాళ్ళకి తెలిసిపోద్ది. వాళ్ళెందుకు తడబడాలి?"

"లెక్క నాది, చెవి నీది" అని అందరి ముందూ చెప్పేది.

"చెవి నాదైతే మరి చోటు నీదెందుకయింది వదినా?" అన్నానొకసారి.

"తీసుకో. ఇది వాయించడం నేర్చుకుని తీసుకో. నీ అంత చెవి నాకుంటే నేనెవరికీ ఇచ్చేదాన్ని కాదు" అంది. నవ్వుతూ అనలేదు. ఆవిడకీ నా మీద అంత కుళ్ళు ఉందని అప్పుడు తెలిసింది. చాలా సంతోషించాను. అయినా నేర్చుకోనన్నాను.

రెండోసారి చర్చిలో వాయించినప్పుడు ఏ వింతా జరగలేదు. ఏసమ్మ పాడింది, అందరూ పాడారు, పెట్టె వాళ్ళతోనే ఉంది. ఎవరూ ఏమీ గమనించలేదు. వదిన కీబోర్డు మీంచి నా వైపు చూసి కనుబొమలెగరేసింది. అంతమందిలో ఆ పని ఎంత బాగా కుదిరిందో తెలిసింది నా ఒక్కదానికే. తెలియకపోతే ఎంత బాగుండేదో.

అప్పటినుంచీ ఆదివారాలు ఆవిడే వాయించింది. ఆవిడ సమాధి ఆరాధనకి మాత్రం నేను హార్మోనియమే వాయించాను. ఆ కీర్తనే పాడమన్నాడు అన్నయ్య. గాంధారం దగ్గర ఏసమ్మ గొంతు ఆగిపోయింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఆగనిది. దుఃఖం అనుకున్నాను. బయటికొచ్చాక నా చెయ్యి పట్టుకుని, "ఏంటమ్మాయ్, పెట్టె ఇయ్యాల మమ్మల్ని నెట్టేస్తంది?" అంది. వదిన రాకముందు అన్నేళ్ళు అదే పెట్టె నెట్టింది, ఒక్కరూ అడగలేదు. ఆ మాట నాకు తగలాల్సిన చోటే తగిలింది. శవపేటిక మీద మట్టి వేస్తున్నప్పుడు కూడా, ఇంత బాగా ఎందుకు చేశావే అని లోపల వదినతో దెబ్బలాడుతూనే ఉన్నాను.

మొన్న శనివారం పాటల అభ్యాసానికి అన్నయ్యని బతిమాలి ఆ కంప్యూటరు, కీబోర్డు తెప్పించాను. క్యాసెట్టు ఎక్కించాడు. ఎంత దించాలో మాత్రం ఎక్కించి లేదు, ప్రతిసారీ నన్నడిగే పెట్టుకునేది ఆవిడ. షడ్జమం పట్టి, గాంధారం మోగించి, కంప్యూటరు మీట నొక్కుతూ కొద్దికొద్దిగా దించాను. ఇంకా... ఇంకా... ఆడవాళ్ళు చాపల మీద కబుర్లు చెప్పుకుంటున్నారు. ఏసమ్మ వక్క నములుతోంది. స్వరం ఆ చోటికి చేరింది. అంతే, ఎవరూ అడగకుండానే, కబుర్ల మధ్యలోంచి ఏసమ్మ కళ్ళు మూసుకుని పాట అందుకుంది. నా హార్మోనియానికి ఆమె ఏనాడూ అలా అందుకోలేదు. నాకు కుళ్ళొచ్చింది, ఏడుపొచ్చింది. వేలు తీస్తే పాట ఆగిపోతుందని, కళ్ళు తుడుచుకోకుండా అలాగే నొక్కిపట్టి కూర్చున్నాను.