మామయ్య వీడ్కోలు

మామయ్యకు ఒకచోటి నుంచి లేచి వెళ్ళడం చేతకాదు. "ఇక వస్తా" అని సోఫాలో ఒకసారి అంటాడు, గుమ్మంలో ఒకసారి, గేటు దగ్గర ఒకసారి. ఈలోగా అత్తయ్య ఇంటికెళ్ళి, వంట చేసి, ఆయన్ని తీసుకెళ్ళడానికి మళ్ళీ వచ్చేస్తుంది.

షేర్ల బ్రోకరు ఆఫీసులో పనిచేసే మేనకోడలికి ఈ జబ్బు ప్రాణం మీదికి తెచ్చింది. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ రెండు గదుల్లో మొదలైనప్పుడు మామయ్య డబ్బు పెట్టాడు. ఇప్పుడది పెద్దదైంది, అందులో ఆయన వాటా కూడా పెద్దదే. అత్తయ్య మొక్కల నర్సరీ కోసం అదంతా అమ్మాలనుకున్నాడు.

"ఇవాళ ధర బాగుంది. మొత్తం అమ్మేద్దాం మామయ్యా."

"కొంచెం అమ్ము."

మర్నాడూ అదే మాట, ఆ మర్నాడూ అదే.

ఈ నత్తనడక మధ్యలో ఒక టీవీ చానల్, పెద్ద వాటాదారు మెల్లగా జారుకుంటున్నాడని చెప్పింది. పెద్దాయనే పోతున్నాడంటే కంపెనీలో ఏదో పుచ్చి ఉంటుందని జనం ఎగబడి అమ్మారు. కొనేవాళ్ళు వెనక్కి తగ్గారు. ధర జారింది.

"అమ్మకం ఆపెయ్," అన్నాడు మామయ్య. నేరుగా ఆ చానల్‌కే వెళ్ళి కూర్చున్నాడు.

"కంపెనీ బాగానే ఉంది. మా ఆవిడ నర్సరీకి డబ్బు కావాలి, అందుకే అమ్ముతున్నా. ఇక సెలవు," అన్నాడు. యాంకరమ్మ నమస్కారం పెట్టింది. ఆయన కదల్లేదు. గులాబీ అంట్ల గురించి చెప్పాడు. మళ్ళీ సెలవన్నాడు. ఎరువు గురించి మొదలుపెట్టాడు. వార్తలకు వేళైంది, ప్రకటనలు వచ్చి పోయాయి, అయినా తెరమీద ఆయనే. ఈయన ఎక్కడికీ పోయే మనిషి కాదని చూసినవాళ్ళకు గట్టి నమ్మకం కుదిరింది. సాయంత్రానికి ధర కుదుటపడింది.

మేనకోడలి కోపం మాత్రం చల్లారలేదు. "మొదటి రోజే మొత్తం అమ్ముంటే ఈ గొడవే లేదు కదా."

"నాకు లేదు," అన్నాడు మామయ్య. "ఆ రెండు గదుల రోజుల్లో జీతం బదులు షేర్లు తీసుకున్నవాళ్ళున్నారమ్మా. రిసెప్షన్ ఆవిడ ఇల్లు కట్టుకుంటోంది. గోడలు లేచాయి. కప్పు వేసేటప్పుడు ఆ షేర్లే అమ్ముకోవాలి. నేను ఒక్కసారిగా గుమ్మరిస్తే ధర దబ్బున పడుతుంది. ఆవిడ గోడల మధ్య ఆకాశం చూస్తూ కూర్చోవాలా?"

"ఆవిడకి చెప్పావా?"

"అమ్మబోతున్నానని ఒకరికే ముందుగా చెప్పకూడదు, తప్పు. ధర నిలబెట్టడం నా చేతుల్లో లేదు. నా వల్ల పడకుండా చూసుకోవడం ఉంది."



మర్నాడు పొద్దున్నే మేనకోడలే ఫోన్ చేసింది. "మామయ్యా, ఇవాళ కొంచెమే అమ్ముతాను. సరేనా?"

"మరీ అంత తొందరేంటమ్మా," అన్నాడు మామయ్య. "అందులో సగం అమ్ము."