మోకాలెత్తు వరి

ఆ రోజు సాయంత్రం ఐదింటికి బొమ్మలు ఖరారైపోతాయి. ఆ తర్వాత ఒక్క గీత కదపడానికి ఉండదు. మధ్యాహ్నం రెండింటికి మా అత్త మజ్జిగ తీసుకుని మేడ మీదికి వచ్చి, నా వెనక నిలబడి కంప్యూటర్ వంక చూసింది.

కంప్యూటర్ ఆటకు బొమ్మలు గీయడం నా పని. గుప్పెడు గుడిసెలతో మొదలుపెట్టి రాజ్యం దాకా కట్టుకుంటూ పోయే ఆట అది. అందులో రెండు వేల ఏళ్ల నాటి మా నెల్లూరు తీరం నా వంతుకు వచ్చింది. మనుబోలులో ఇంట్లో కూర్చునే చేసుకోవచ్చు, ఆర్నెల్లు చూసి ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. ఆ వారంతో ఆర్నెల్లూ అయిపోతాయి.

మా జట్టులో చరిత్ర సరిచూసే ఆవిడ ఒకరున్నారు. సముద్రం ఒడ్డున సరుగుడు తోపు వేస్తే, ఆ చెట్టు మన తీరానికి నిన్నగాక మొన్న వచ్చిందని కొట్టేశారు. అరుగు మీద మిరపకాయలు ఎండబోస్తే, అప్పటికి మిరప ఈ దేశం మొహమే చూడలేదన్నారు. నిజమే. అయినా నా ఊళ్లోంచి ఒక్కొక్కటే పీకి పారేస్తున్నట్టు నాకు ఒళ్లు మండింది. చివరికి "ఈ వరి ఎత్తుకు ఆధారం ఏమిటి?" అని అడిగేసరికి ఇక ఆగలేదు. "మా పొలమే ఆధారం. వరి మధ్య పుట్టినదాన్ని, వరి గురించి నాకు చెప్పకండి" అనేశాను. పైరు పొట్టిగా ఉంటే అందులో మనుషులు చక్కగా కనపడతారని మా టీమ్ లీడ్‌కూ అదే నచ్చింది. బొమ్మ కింద వచ్చే సమాచారంలో కూడా నా మాటే ఎక్కించారు: ఈ తీరపు వరి మోకాలెత్తు.

"ఇది మన వరి కయ్యే గదా, ఎప్పటిదన్నావు?" అంది అత్త.

"రెండు వేల ఏళ్ల కిందటిది అత్తా."

"అప్పుడు ఈ పొట్టి వరి యాడిదమ్మాయ్? ఇది నేను బడికి పోతా ఉండంగా వచ్చిండేది. అంతకుముందు అన్నీ మొలగొలుకుల వడ్లే. మా అమ్మ కయ్యలో దిగితే గుండెల కాడికి ఉండేది పైరు. నీ బొమ్మలోవాళ్లు ఈ పొట్టి గడ్డితోనా ఇళ్లు కప్పినారు? ఒక్క వానకే కారిపోద్ది!"

మజ్జిగ గ్లాసు పక్కన పెట్టేశాను. సంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, కోటల కోసం, నాణేల కోసం ఎన్నో పుస్తకాలు తిరగేశాను గానీ, ఇంట్లో ఉన్న మనిషిని ఒక్క మాట అడగలేదు. ఇప్పుడు నోరు మూసుకుంటే ఎవరికి తెలుస్తుంది? ఎవరికీ తెలియదు. ఉద్యోగం ఖాయమవుతుంది. ఈ ఆట ఆడే పిల్లలంతా నా పొగరును చరిత్ర అనుకుంటారు. భయమేసింది, అంతకంటే ఎక్కువగా సిగ్గేసింది.

సరే, పొడుగు వరే గీద్దామంటే కోత కోసే మనిషి అందులో మునిగిపోతుంది. ఆటలో కనపడని మనిషితో ఎవరు పని చేయించగలరు? గడియారం మూడు దాటింది.

"అంత పైరులో ఒంగి కోస్తుంటే మీ అమ్మ నీకు కనపడేదా అత్తా?"

"యాడ కనపడతాది? నన్ను గట్టు మీద కూర్చోబెట్టి పొయ్యేది. కనపడక నేను ఏడుపు మొదలుపెడితే, కొడవలి పట్టుకున్న చెయ్యి పైకెత్తి చూపించేది, ఈడనే ఉండా అని."

అదే గీశాను. ఐదుకు పది నిమిషాలుందనగా పంపించి, కింద రాశాను: "నేను పొరబడ్డాను. రెండు వేల ఏళ్ల మాటకు నా దగ్గర ఆధారం లేదు. అరవై ఏళ్ల కిందటి వరిని మాత్రం మా అత్త కళ్లారా చూసింది. మోకాలెత్తు అన్న మాట తీసేయండి."

చరిత్ర చూసే ఆవిడ, పాత వరి పొడుగే అయ్యుంటుందని తనకూ అనుమానంగానే ఉందన్నారు. అంతే. నాలుగు తిట్టినా బాగుండేది. టీమ్ లీడ్ మాత్రం ఆ చెయ్యి బాగుందని ఉంచారు. నా ఉద్యోగం సంగతి ఇంకో మూడు నెలలు చూసి చెబుతామన్నారు.

మర్నాడు పొద్దున అత్తను పిలిచి చూపించాను. తెర నిండా పైరు ఊగుతోంది. మనిషి జాడ లేదు. ఉన్నట్టుండి కొడవలి పట్టిన చెయ్యి ఒకటి లేచి, మళ్లీ మునిగిపోయింది. ఆ చెయ్యి మునిగి మళ్లీ లేవడానికి నాలుగు సెకన్లు పెట్టాను. అత్త నా కుర్చీ పట్టుకుని కళ్లార్పకుండా చూస్తోంది. ఆ నాలుగు సెకన్లూ పూర్తి కాలేదు.

"ఏదమ్మాయ్, ఇంకా ఎత్తలేదే?" అంది.