శుక్రుడు పెద్దగా కనబడిన సాయంత్రాలు

హసన్‌పర్తిలో ఒక జూనియర్ కాలేజీలో నేను ఫిజిక్స్ చెబుతాను. గ్రహం ఎంత పెద్దదైనా మన కంటికి చుక్కలాగే కనిపిస్తుందని, వెయ్యికి పైగా భూములు పట్టే గురుగ్రహమైనా అంతేనని ఏటా పిల్లలకు చెప్పేవాణ్ణి.

నా భార్య ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. పొద్దు గూకే వేళకు మిషన్ ఆపి, ఆరిన బట్టలు తీయడానికి డాబా ఎక్కేది. ఇంట్లో ఉంటే నేనూ వెంట వెళ్లేవాణ్ణి. పెళ్లయిన కొత్తలో అక్కడే ఆమెకు పడమటి దిక్కున శుక్రుణ్ణి చూపించాను. మిణుకుమిణుకుమనకుండా నిలకడగా వెలిగేది గ్రహం అని చెప్పాను. ఆ తర్వాత ఎప్పుడూ నాకంటే ముందు తనే కనిపెట్టేది.

పోయిన ఎండాకాలం ఒక సాయంత్రం చేతిలో బట్టలతో నిలబడి, "ఇయ్యాల శుక్రుడు జర పెద్దగ కనవడ్తాండు," అంది.

"ఎప్పటి లెక్కనే ఉన్నడు. చుక్కంతే," అన్నాను.

"కాదు, సూడున్రి. సుట్టూత రంగులు రంగులు గుడి గట్టినట్టున్నది."

"గుడి చందమామకు గడ్తది. గ్రహానికి గట్టదు," అని నవ్వి, దూరాల గురించి ఒక పాఠం చెప్పాను. ఆమె ఓపికగా వింది.

కొన్నాళ్లకు, రూపాయి బిళ్లంత ఉన్నాడంది. మర్నాడు వేసవి క్లాసులో అదే జోకుగా చెప్పాను. పిల్లలు నవ్వారు. వాళ్లు నవ్వారని ఇంటికొచ్చి ఆమెకు చెప్పాను కూడా. ఆమె కూడా నవ్వింది. ఆ తర్వాత శుక్రుడి మాట ఎత్తలేదు.

సాయంత్రాల్లో తలనొప్పి అనేది. ఒకరోజు వాంతి కూడా చేసుకుంది. పొద్దంతా సూది వైపు చూస్తే అంతేనని గోళీ ఇచ్చి పడుకోమన్నాను. వానలు మొదలయ్యాక తలుపు చెక్కలకు భుజం తగిలించుకోవడం మొదలుపెట్టింది. ఒకరోజు డాబా దిగుతూ మెట్టు తప్పి కూలబడింది. నేను పరుగెత్తి లేపబోతే, "నాకు పక్కలు కనవడ్తలేవు," అంది మెల్లగా. "శాన దినాలైంది."

హనుమకొండలో కంటి దవాఖానకు తీసుకెళ్లాను. డాక్టరమ్మ కళ్లలో ప్రెషర్ చూసి, మళ్లీ చూసి, "లైట్ల చుట్టూ రంగుల వలయాలు ఏమన్నా కనిపించేవా అమ్మా?" అని అడిగింది.

 నా భార్య తల నా వైపు తిప్పింది.

"కనిపించేవి మేడమ్," అన్నాను. "నాకు చెప్పింది."

"ఎన్ని రోజులైంది?"

"ఎండాకాలం నుంచి."

డాక్టరమ్మ అది కాగితం మీద రాసుకుంది. ఇది గ్లాకోమా అని, అప్పుడే వస్తే చూపు నిలబెట్టేవాళ్లమని, ప్రెషర్‌కు కంటి నరం దెబ్బతిన్నదని, పోయింది ఇక రాదని చెప్పింది. లేజర్ చేశారు, చుక్కల మందు రాశారు. ఒక కన్ను అప్పటికే పోయింది. రెండోదాంట్లో మిగిలిన కాస్తా చలికాలానికి వెలుతురు చీకటి తెలిసేంతే అయింది.

మొదటిసారి దవాఖానకు వెళ్లిన రోజు ఆటోలో తిరిగి వస్తూ, "చెప్తే నేను ఇనలే," అన్నాను.

"ఊకోండ్రి," అంది. "మీకు కనవడ్డది మీరు చెప్పిన్రు. నాకు కనవడ్డది నేను చెప్పిన."

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు, ఈ రోజు దాకా ఒక్క మాట అనలేదు.

మొన్న, తన దగ్గర కుట్టు నేర్చుకున్న పక్కింటామెకు మిషన్ ఇచ్చేస్తానంది. దారం రీళ్లు కూడా అరల డబ్బాలో రంగుల వారీగా సర్ది ఇవ్వాలని పట్టుబట్టింది. నేలమీద ఎదురెదురుగా కూర్చున్నాం. ఒక్కో రీలూ చేతికి తీసుకుని, "ఇది ఏం రంగు?" అని అడిగేది. నేను చెప్పేవాణ్ణి. నెమలికంఠం రంగుకూ ముదురు నీలానికీ తేడా నాకు ఎన్నడూ సరిగ్గా తెలియదు. తోచింది చెప్పాను. ఆమె మారు అడగకుండా, నేను చెప్పిన రంగు అరలోనే పెట్టింది.