హైదర్ సలాం

సకల జనుల సమ్మె రోజులవి. బడికి తాళం పడి నేను ఇంట్లోనే ఉంటే, పక్కింటి హాజిరా బీ వచ్చి గడప అవతల నిలబడింది. జనగామ దవాఖానలో వికలాంగుల సర్టిఫికెట్ల శిబిరానికి ఆ రోజే ఆఖరు. బస్సులు లేవు.

"జర మా ఇద్దర్ని మీ బండి మీద తీస్కపోండ్రి, పంతులూ. గీ పింఛన్ రాకుంటే మా ఇల్లు నడవది," అంది. జాకెట్లు కుట్టీ కుట్టీ ఆమె చూపు మందగించింది. సూదిలో దారం కూడా మా ఆవిడే ఎక్కించి పెడుతోంది.

ఆమె భర్త హైదర్ కుడి చేయి పత్తి మిల్లు రోలర్లో పడి నలిగింది. మిల్లువాళ్లు కట్టు కట్టించి పంపారే తప్ప ఒక్క చీటీ ఇవ్వలేదు. ఎక్స్‌రే లేదు. సాక్ష్యం అంటూ ఉంటే ఆ చేయి ఒక్కటే, దాన్ని ఈయన ఎండాకాలంలో కూడా వేళ్ల కొసల దాకా దిగే నిండు చేతుల చొక్కాలో దాచుకుంటాడు. పైగా ఎదురుపడ్డ ప్రతివాడికీ ఆ చేత్తోనే సలాం. భుజంతో ఎగరేసి నుదుటికి తాకిస్తాడు. నాకు ఒళ్లు మండేది.

"అన్నా, డాక్టర్ ముంగట ఆ చెయ్యి లేపకు. పానం పోయినా లేపకు," అని దారి పొడుగునా చెప్పాను. తలూపాడు. ఊరి బయట రాస్తారోకో కుర్రాళ్లు ఆపి, దవాఖానకని చెబితే దారి ఇచ్చారు. జై తెలంగాణ అంటూ హైదర్ ఎడమ చేయి ఎత్తాడు. నాకు కాస్త ధైర్యం వచ్చింది.

దవాఖాన నిండా జనం, చూసే డాక్టర్ ఒక్కడు. వైకల్యం నలభై శాతానికి తగ్గితే పింఛన్ లేదు. మా వంతు వచ్చింది. డాక్టర్ తలెత్తి, "రండి పెద్దాయనా, కూర్చోండి," అన్నాడు.

ఆ మర్యాదే కొంప ముంచింది. హైదర్ భుజం లేచింది. చేయి నుదుటిని తాకింది.

"చేయి బాగానే లేస్తోందే. పాత కాగితాలేవి?"

"లేవు సార్," అన్నాను.

డాక్టర్ ముప్పై అని రాసి, తర్వాతి వాళ్లను పిలవమన్నాడు. "చెప్పన్నా," అని హైదర్‌ను పొడిచాను. అంతమందిలో తన చేయి పనికిరాదని చెప్పుకోలేక, ఆయన చొక్కా అంచు ఇంకా కిందికి లాక్కున్నాడు.

హాజిరా బీ ముందుకొచ్చి ఆయన చొక్కా చేతిని పైకి లాగింది. అరచేతి వైపు వెదురు బద్దలు, వాటి మీద గుడ్డ చుట్లు.

"వద్దు హాజిరా."

"నీ ఇజ్జత్ కోసమని రోజూ పొద్దుగాల నేనే కడుతున్న. ఇయ్యాల నా కండ్ల కోసం ఇప్పుతున్న."

గుడ్డ ఊడదీసింది. చాపి ఉన్న వేళ్లు ఒక్కొక్కటే లోపలికి ముడుచుకుపోయాయి. డాక్టర్ వాటి మధ్య పెన్ను పెట్టి చూశాడు. కింద పడింది.

"ఇదెందుకయ్యా కట్టుకొచ్చావు?"

"ఎడమ చేత్తోని మీకు సలాం ఎట్ల చేస్త సారూ?"

డాక్టర్ ముప్పై కొట్టేసి అరవై రాసి సంతకం పెట్టాడు. నేను కాగితం లాక్కున్నంత పని చేసి, పదండి పదండి అన్నాను. హైదర్ కదలలేదు. తలుపు దగ్గర ఆగి భార్యకు చేయి చాపాడు. వెనక క్యూ తిడుతోంది. ఆ మసక కళ్లతోనే ఆమె తడుముకుంటూ బద్దలు పెట్టి మళ్లీ కట్టింది.

హైదర్ వెనక్కి, డాక్టర్ వైపు తిరిగాడు. కాగితాన్ని గుప్పిట్లో బిగించి చూస్తున్నాను. ఆయన కుడి చేయి నుదుటి దాకా లేచింది. డాక్టర్ కుర్చీలోంచి లేచి నిలబడి, కుడి చేత్తో సలాం చేశాడు.